వెనక్కి చూస్తూ వెళ్లే గుర్రం

పోయిన నెలలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, శ్రీకాకుళం నుంచి చీపురుపల్లిలో ఉన్న మా తమ్ముడింటికి స్కూటరు మీద బయల్దేరాను. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా నా ముందు ఒక చిన్న లగేజీ వ్యాను తగిలింది. వెనక డోరు మీదుగా ఒక గుర్రం పిర్రలు, తోక కనిపిస్తున్నాయి. తల డ్రైవరు వైపు పెట్టి కట్టేశారు. బ్రేకు పడినప్పుడల్లా ఆ గుర్రం ముందుకి తూలి, మళ్లీ కాళ్లు కూడదీసుకుని నిలబడుతోంది. కింద ఒక గోనెసంచి కూడా లేదు, ఉత్త రేకు. డెక్కలు జారుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పశువుల డాక్టర్ని కాబట్టి మండిందని రాసుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. గుర్రాన్ని బండిలో ఎటు తిప్పి నిలబెట్టాలో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పింది శృంగవరపుకోటలో ఒక మనిషి. ఆ మనిషే నా వెనక కూర్చుని ఉంటే ఆ వ్యానుని నడిరోడ్డు మీద ఆపించి, డ్రైవర్ని కిందకి దింపి, "ఒరే, నిన్నలగ మొకం గోడకెట్టి కట్టీసి బ్రేకులేత్తే తెలుస్తాది నీకు" అని కడిగేసి ఉండేది. నేను మాత్రం నాలుగుసార్లు హారన్ కొట్టాను. డ్రైవరు దాటెయ్యమని చెయ్యి ఊపాడు. దాటేసి వచ్చేశాను. నా ధైర్యం అంతవరకే.

తమ్ముడింట్లో చెప్పులు విడవకుండానే ఆమెకి ఫోను చేశాను. మాట్లాడి నాలుగు నెలలయింది. ఈ గుర్రం సంగతి చెబితే ఆ వ్యానువాణ్ణి ఏమేం తిడుతుందో వినాలని సరదా. ఫోను ఆమె చెల్లెలు ఎత్తింది.

"డాక్టరమ్మా, అప్ప ఎలిపోనాది గదమ్మా. పన్నెండో రోజు కూడా అయిపోనాది. నీకు సెప్పాలనే అనుకున్నాం. ఈ ఫోనులో నీ పేరు ఎంత ఎతికినా దొరకనేదు. ఇప్పుడు నువ్వు సేత్తే సూత్తన్నాను, బుల్లెమ్మ అని ఒచ్చినాది."

బుల్లెమ్మ ఆమె గుర్రం పేరు. నా నెంబరుకి గుర్రం పేరెందుకు పెట్టుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. వచ్చే ఆదివారం వస్తానని మాత్రం చెప్పి, ఫోను పెట్టేసి, మా మరదలు తెచ్చిన మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పులు విడిచాను.

ఆమె పేరు రాయను. ఊళ్లోనే ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఊరందరికీ ఆమె గుర్రాలప్ప. గుర్రాలని బహువచనం ఎందుకో తెలీదు, నేను చూసినన్నాళ్లూ ఆమెకి ఉన్నది ఒక్క గుర్రమే. తెల్లది, కాస్త పొట్టిది, పెళ్లిళ్లకి వెళ్లే ఆడగుర్రం.

నేను శృంగవరపుకోటలో ఉద్యోగంలో కొత్తగా చేరిన వేసవిలో ఒక పొద్దున్న మా ఆసుపత్రి ఆవరణలోకి ఒక వ్యాను రివర్సులో వచ్చి గట్టుకి ఆనుకుని ఆగింది. వెనక డోరు మీదుగా తెల్లగుర్రం తల బయటకి పెట్టి, పిలవకుండా ఎవరొచ్చారా అని గుమ్మంలోంచి చూసే ఇల్లాలిలా నన్ను చూసింది. దాని గడ్డం కింద, బోర్లించిన బకెట్టు మీద, చీరమీద ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక ఆవిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. చొక్కా జేబులో దువ్వెన. అది ఆమెకి కాదని, గుర్రం జూలుకని తర్వాత తెలిసింది.

జీను రాపిడికి గుర్రం వీపు మీద పుండు పడింది. మందు రాయాలి. గుర్రాన్ని నేను అప్పటిదాకా ఎక్కువగా పుస్తకంలోనే చూశాను. దాన్ని కిందకి దింపాక, పక్కనుంచి మెల్లగా దాని వెనక్కి నడవబోయాను.

"అలగెల్లకు! ముందుకి రా," అని అరిచింది. "బయమేటి? అది నిన్ను సూస్తన్నాది, నువ్వూ దాన్ని సూడు. ఎనకనుంచి ఒచ్చినోల్లని మనవే నమ్మం, అదేటి నమ్ముతాది?"

కాలేజీలో నా 'ఏటి'ని విని నవ్వినవాళ్ల కోసం నేను నా మాటని అయిదేళ్లపాటు కడిగి ఆరేసుకున్నాను. ఆమె దగ్గర నెల తిరిగేసరికి అదంతా పోయి మళ్లీ మా అమ్మమ్మ మాట నోట్లోకి వచ్చేసింది. ఆమెతో మాట్లాడటం ఇంటికి వెళ్లినట్టుండేది.

గుర్రాన్ని ఎక్కించేటప్పుడు చూడాలి ఆమెని. వ్యాను నడిపేది చెల్లెలి మొగుడే. అతను బండిని దాని రేకంత ఎత్తున్న గట్టుకి ఆనించి దిగి, దూరంగా పోయి బీడీ వెలిగించుకునేవాడు. ఎక్కించేటప్పుడు దగ్గర్లో ఎవరూ ఉండకూడదని ఆమె శాసనం. రేకుమీద గోనెలు పరిచి, గోనెలమీద గంపెడు తడి ఇసుక చల్లేది. గుర్రాన్ని తెచ్చి, వీపు బండివైపు పెట్టి నిలబెట్టేది. ఎడంచేతిలో పగ్గం వదులుగా ఉండేది. కుడి అరచెయ్యి దాని రొమ్ముకి ఆనించేది. తోసేది కాదు. చెయ్యి అలాగే ఉంచి, తను ఒక్క అడుగు ముందుకి వేసేది.

"ఎనక్కి, బుల్లెమ్మా. ఎనక్కి. నీ ఎనక ఏటున్నాదో నాను సూస్తన్నాను కదా."

గుర్రం వెనక కాలొకటి ఎత్తి, డెక్కతో ఇసుకని తడిమి, ఆమె కళ్లలోకి చూసి, ఆ కాలు దించేది. మళ్లీ ఆమె ఒక అడుగు. మళ్లీ అది ఒక అడుగు. నాలుగు కాళ్లూ లోపలికి వచ్చాక, పాతచీర చుట్టిన వెదురుబొంగు దాని రొమ్ముకి అడ్డంగా కట్టి, తలపగ్గాన్ని రెండువైపులా కమ్మీలకి కట్టేసేది. తనూ ఎక్కి, బకెట్టు బోర్లించుకుని, ఆ మూల ఇరుక్కుని కూర్చునేది. ఎంత దూరమైనా ముందు సీట్లో కూర్చోలేదు. బండి పక్కరేకు మీద కర్రతో ఒకసారి కొడితే మెల్లగా వెళ్లమని, రెండుసార్లు కొడితే ఆపమని. ఆ దెబ్బలు ఎక్కువై మరిది విసుక్కునేవాడు. "మా వదిన ఎనక కూకుని బండి నడుపుతాది, నాను ముందు కూకుని స్టీరింగు పట్టుకుంటాను," అనేవాడు నాతో.

ఎందుకలా అని నేనే అడిగాను. నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"బ్రేకేత్తే నువ్వు దేనిమీద పడతావు? మొకం మీద. గుర్రవూ అంతే. తల ముందుకెడితే మొకం ఎల్లి రేకుకి కొట్టుకుంటాది, మోకాల్లు ఇరుగుతాయి. ఎనక్కి నిలబెట్టేవనుకో, పిర్రమీద కూకుంటాది. పిర్రకేటవుతాది? కూకోడానికే కదా అదున్నాది."

అది ఆమె పుస్తకంలో చదివింది కాదు. మొగుడి కాలంలో ఇంకో గుర్రం ఉండేదట. అరకు ఘాటీ దిగుతుండగా మలుపులో బ్రేకు పడి, దాని ముందుకాళ్లు రెండూ విరిగాయి. మొగుడు ఆ బెంగతోనే మంచం పట్టి పోయాడని ఆమె చెప్పేది. కామెర్లని చెల్లెలు చెప్పేది. ఖాకీ చొక్కా అతనిదే. బుల్లెమ్మని కొన్న రోజే, దీన్ని ముందుకి తిప్పి ఎక్కించనని ఆమె ఒట్టు పెట్టుకుంది.

పెళ్లివారికి ఇది నచ్చేది కాదు. శుభమా అని పెళ్లికి పిలిస్తే గుర్రం మాకు వీపు పెట్టి ఊళ్లోకి వస్తుందేమిటి అని పెద్దలు గొణిగేవారు. ఆమె వాదించేది కాదు. ఊరి పొలిమేరలోనే ఏదో ఒక గట్టు చూసుకుని, రేకు మీద రెండు దెబ్బలు కొట్టి బండి ఆపించేది. గుర్రాన్ని దింపి, జూలు దువ్వి, ముఖమల్ గుడ్డ కప్పి, కుచ్చులు కట్టి, తను పగ్గం పట్టుకుని ఊళ్లోకి నడిపించుకుని వెళ్లేది. అప్పుడు గుర్రం మొహమే పెళ్లివారికి ముందు కనపడేది. ఎండలో మైలు దూరమైనా అంతే.

మేం బాప్టిస్టులమని తెలిశాక నన్ను ఆట పట్టించడానికి ఆమెకి ఇంకో దారి దొరికింది.

"మీ పెల్లిల్లకి గుర్రం పిలవరేటి?"

"కారు కడతాం అప్పా, పూలతోటి."

"కారు సకిలిస్తాదేటి? మీ యేసుబాబు గాడిదెక్కినాడంట కదా. గాడిదంటే లేని నామోషీ గుర్రవంటే ఎందుకు? నీ పెల్లికి బుల్లెమ్మని తెస్తాను సూడు. గుడికాడ కాదు, గేటు బైటే దించుతాన్లే."

నా పెళ్లికి రమ్మని నిజంగానే పిలిచాను. గుర్రం లేకుండా ఒక్కతే వచ్చింది, చొక్కా లేకుండా, ఉతికిన నీలం చీరలో. నేను ఆమెని ఒక క్షణం గుర్తుపట్టలేదు. చర్చిలో చివరి బల్లమీద కూర్చుని, పాటలన్నీ అయ్యేదాకా ఉండి, వెళ్తూ నా చేతిలో కొత్త దువ్వెన ఒకటి పెట్టింది.

షేరాటోలో డ్రైవరు వెనక, వెనక్కి తిరిగి ఉండే సీటు ఒకటి ఉంటుంది, దానిమీద కూర్చుంటే రోడ్డు వెనక్కి పోతున్నట్టు కనపడుతుంది. అందరికీ అందులో తల తిరుగుతుంది. ఆమె మాత్రం అదే ఖాళీగా ఉందేమో చూసి ఎక్కేది. ఒకసారి నేనూ పక్కన కూర్చున్నాను. నాకు వాంతి వచ్చేలా ఉంది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, దాటిపోతున్న జీడితోటల్నీ మనుషుల్నీ హాయిగా చూస్తోంది. "ఇలగ కూకుంటే దాని కంటికి తోవెలగుంటాదో తెలుస్తాది," అంది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మాట కోసమైనా ఆ వాంతి ఓర్చుకుని ఇంకో పది ఊళ్లు ఆమె పక్కన తిరిగి ఉండాల్సింది అనిపిస్తుంది.

తర్వాత పెళ్లిళ్లకి గుర్రాల పిలుపు తగ్గింది. డీజే బండ్లు, పువ్వుల కార్లు వచ్చాయి. అదొక్కటే అయితే ఆమె ఎలాగో లాక్కొచ్చేదేమో. ఒక వర్షాకాలం పాకలో జారిపడి కుడిమణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుంది గానీ ఎముక వంకరగా అతికింది. ఆ అరచెయ్యి ఇక నిటారుగా నిలబడలేదు. రొమ్ముకి ఆనించే చెయ్యి అదే. భీమిలి వైపు సముద్రం ఒడ్డున పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పే ఒకాయన వచ్చి చూసి, బుల్లెమ్మని తీసుకుంటానన్నాడు. మంచి మనిషి. వయసు తెలిపే పళ్లకన్నా ముందు జీను రాసుకునే వీపు చూశాడని, అందుకే ఒప్పుకున్నానని ఆమె నాతో చెప్పింది.

గుర్రాన్ని తీసుకెళ్లే రోజు ఆరోగ్యపత్రం రాసివ్వడానికి నేను వెళ్లాను. పొద్దున్న తొమ్మిదవుతోంది. కొన్నాయన తన వ్యాను తెచ్చుకున్నాడు. అతని మనుషులు గుర్రాన్ని తల ముందుకి పెట్టి లాగుతున్నారు. అది నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు నిలబడింది. ఒకడు వెనకనుంచి పిర్ర మీద చరిచాడు. అరుగుమీద కూర్చున్న ఆమె లేచింది.

"ఒగ్గీండి. అదలగెక్కదు."

బండిని గట్టుకి తిప్పించింది. ఇసుక చల్లించింది. అందర్నీ దూరంగా పొమ్మంది. కుడిచెయ్యి చొక్కా జేబులో పెట్టుకుని, ఎడం అరచెయ్యి దాని రొమ్ముకి ఆనించింది. బుల్లెమ్మ ఆ చేతిని వాసన చూసింది, ఇది రోజూ ఆనే చెయ్యి కాదే అన్నట్టు. అయినా వెనక్కి అడుగు వేసింది. ఆ రోజు ఆమె ఎనక్కి ఎనక్కి అన్నది గానీ, వెనక ఏముందో చూస్తున్నానని మాత్రం అనలేదు. నేను గమనించాను. వెదురుబొంగు కట్టింది. ముందు పచ్చగడ్డి కట్ట వేసింది. కొన్నాయనకి, ఎప్పుడు ఎక్కించినా ఇలాగే ఎక్కించమని చెప్పి ఒట్టు వేయించుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పాక మట్టిగోడ వెనక్కి లాక్కెళ్లింది. అక్కడ ఖాకీ చొక్కా విప్పి నాకిచ్చింది.

"ఇదేసుకో. ఎల్లి ఆ మైలురాయికాడ నిలబడు. బండెల్లినంతసేపూ కదలకు."

"ఎందుకప్పా?"

"అదెనక్కి సూస్తూ ఎల్తాది గదా. నాను కనపడకపోతే ఎతుకుతాది. గింజుకుంటాది, కాలిరగ్గొట్టుకుంటాది. ఈ సొక్కా కనపడితే నానే అనుకుని నిదానంగుంటాది."

"నువ్వే నిలబడొచ్చు కదప్పా."

"నానా?" అంది. "నాను నిలబడగలనేటి? బండెనకాల పరిగెట్టీనూ?"

గోడకి వీపు ఆనించి, బకెట్టు మీద కూర్చుంది. నేను ఆ చొక్కా తొడుక్కుని వెళ్లి మైలురాయి పక్కన నిలబడ్డాను. చొక్కా నిండా ఉలవల వాసన, గుర్రం చెమట వాసన. బండి కదిలింది. బుల్లెమ్మ సకిలించింది. నేను అలాంటి అరుపు ఏ జంతువు గొంతులోనూ వినలేదు. రైసుమిల్లు మలుపు తిరిగేదాకా సకిలిస్తూనే ఉంది. నేను కదల్లేదు.

తిరిగి గోడ వెనక్కి వెళ్తే ఆమె తల ఎత్తలేదు. నేలకేసి చూస్తూ అడిగింది.

"ఏటి? సూసినాదేటి?"

ఆమె భుజాలు వణుకుతున్నాయి. మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని ఉంది. నొప్పితో ఉన్న ప్రాణికి ముందు నొప్పి తగ్గించాలన్నది నా చదువు. బండి మోతలో, పక్క మిల్లు మోతలో ఆ సకిలింపు గోడ వెనక్కి వినపడి ఉండదనుకున్నాను.

"లేదప్పా," అన్నాను. "కదలగానే గడ్డిలో మూతెట్టీసినాది. తింటూ ఎలిపోనాది."

"తింటూ ఎలిపోనాదా," అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "తింటే మంచిదేలే," అంది.

నాకు శ్రీకాకుళం బదిలీ అయింది. తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ఊరి కబుర్లన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తానని నేను అనబోతుండగా, అదే అడిగేది. "డాక్టరమ్మా, ఆ రోజు అది తింటూనే ఎల్లిందా?" నేను అవుననేదాన్ని. "మరి మన దిక్కు సూడనేదు?" చూడలేదనేదాన్ని. "సర్లే, ఒగ్గీ," అనేది. భీమిలి వెళ్లి ఒకసారి చూసి రాకపోయావా అంటే మాత్రం కోపం వచ్చేది. "ఎల్తే మల్లీ నానే ఒగ్గీసి రావాల," అనేది. అడిగిన ప్రతిసారీ నా అబద్ధం ఆమెకి మందులా పనిచేస్తోందని, ఇంకో మోతాదు కోసమే అడుగుతోందని నేను నమ్మాను. అంత చదువూ చదివి రోగం తెలీకుండా అన్నేళ్లు మందు ఇచ్చాను.

మాటిచ్చినట్టే ఆ తర్వాతి ఆదివారం శృంగవరపుకోట వెళ్లాను. పాక అలాగే ఉంది. మట్టిగోడ సగం కరిగింది. మేకుకి ఖాకీ చొక్కా వేలాడుతోంది. చెల్లెలు దాన్ని తీసి నా చేతికిచ్చింది.

"నీకిమ్మన్నాదమ్మా. ఆ రోజునుంచీ దీన్నుతకనేదు, ఏసుకోనేదు."

నేను ఆ చొక్కా పట్టుకుని, "అప్ప ఆ రోజు చాలా ఏడ్చింది," అన్నాను.

"ఏడవదేటి? అదలగ అరుస్తుంటే!"

"విన్నాదా?"

"ఇనకపోడమేటమ్మా, ఈదిలో అందరూ ఇన్నారు. మిల్లు మలుపు తిరిగిందాకా అరిసినాది కదా. అప్ప గోడెనక కూకుని అంతా ఇన్నాది. 'అరుపిన్నాను గానే, మొకం సూడనేదే. మొకం సూసింది డాక్టరమ్మొక్కర్తే. నానేడుస్తానని దాసిపెట్టినాది. ఎప్పుడో ఒకపాలి అదే సెప్తాదిలే,' అనీది. ఫోన్ల కొట్టుకెల్లి నీ నెంబరుకి బుల్లెమ్మని పేరెట్టించుకున్నాదంట, మొన్న ఆ కొట్టోడు సెప్తే తెలిసినాది. నీ ఫోనొస్తే సాలు, అన్నంకాడనుంచి కూడా లేసొచ్చీది."

చెల్లెలు టీ పెడతానని లోపలికి వెళ్లింది. నేను గోడ వెనక్కి వెళ్లాను. బోర్లించిన బకెట్టు ఇంకా అక్కడే ఉంది. ఆ బకెట్టు మీద, చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్నేళ్లలో ఒక్క ఫోనులో చెప్పాల్సిన మాటలు అక్కడ గోడకి చెప్పాను. చెల్లెలు విన్నా ఫర్వాలేదనుకుని పైకే చెప్పాను.

అప్పా, అది ఒక్క పరక కూడా ముట్టలేదు. గడ్డి వైపే చూడలేదు. చెవులు రెండూ ముందుకి పెట్టుకుని ఉంది. బండి కదలగానే మైలురాయి దగ్గర చొక్కాని ఒక్కసారి చూసింది. నువ్వు కావని దానికి వెంటనే తెలిసిపోయింది. ఇంక నావైపు చూడలేదు. మిల్లు మలుపు తిరిగేదాకా అది కళ్లు తిప్పకుండా చూసింది ఈ గోడనే.